సాంచాలు నడుస్తుండగా కొలవండి

ఇంటర్నెట్ ఇచ్చామని కాగితం మీద రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల పని నేను చాలాసార్లు చేశాను. కొన్నిసార్లు తప్పుగా చేశాను. మొన్న జగిత్యాలలో మా పాత ఆఫీసుకు వెళ్తే, కొత్తగా చేరిన ముగ్గురు ఇంజనీర్లు టీ ఇచ్చి, "మేడం, గీ పనిల ముఖ్యంగ తెలుసుకోవాల్సింది ఏంది?" అని అడిగారు. నిలబడి చెప్పేంత చిన్న జవాబు నా దగ్గర లేకపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

టెలిఫోన్ శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేశాను. ఆపరేటరుగా చేరి ఇంజనీరుగా దిగాను. చివరి ఆరేళ్లు బడులకు, పంచాయతీలకు, సంఘ భవనాలకు ఇంటర్నెట్ ఇచ్చే పని నాది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మధ్యలో ఉన్న మండలాలు నేను తిరిగిన చోట్లు. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. అవి మీకూ వస్తాయి, వాటి నుంచి నేర్చుకునేది తక్కువ. తేదీలు మాత్రం రాస్తాను. చేసిన ప్రతి పనికీ తేదీ, సమయం, కొలత డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఆ అలవాటు మీద ఉన్న నమ్మకమే నన్ను ఒకసారి నిండా ముంచింది.

బీరువాలో డబ్బా

ముందు చిన్న తప్పు చెప్తాను.

కోరుట్ల పక్కన ఒక ఊళ్లో ఉన్నత పాఠశాల. ఫిబ్రవరిలో అక్కడ వైఫై డబ్బా బిగించి, కంప్యూటర్ గదిలో కొలిచి, బాగుందని రాసి వచ్చాను. జూన్‌లో బడి తెరిచిన ఎనిమిది రోజుల్లో ఐదు ఫిర్యాదులు. వెళ్లి చూస్తే గోడ మీద డబ్బా లేదు. తీగ మాత్రం గోడ వెంట పోయి ఇనుప బీరువా వెనక దూరింది. హెడ్మాస్టరు గారు తాళం తీసి చూపించారు. హాజరు రిజిస్టర్ల మీద తువ్వాలు పరిచి, దాని మీద డబ్బాను పడుకోబెట్టారు. దాని పచ్చ దీపాలు చీకట్లో మినుకుమినుకుమంటున్నాయి.

"బీరువల ఎందుకు పెట్టిండ్రు సార్?"

"బైట పెడితే పోరగాండ్లు బాలుతోని కొడుతరు మేడం. ఏమన్నయితే నా మీదికొస్తది. గీడైతే సేఫు."

"సేఫే సార్. గని అందుల నుంచి నెట్ బైటికి రావాలె గద."

ఆయన బీరువాను కాసేపు పరీక్షగా చూశారు. "మరి తలుపు తెరిచిపెడితె?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన తెలివితక్కువ మనిషి కాదు. డబ్బా పోతే బాధ్యత తనదేనని మేము ఆయనతో సంతకం పెట్టించుకున్నాం. అది ఎలా పనిచేస్తుందో చెప్పే కాగితం ఒక్కటీ ఇవ్వలేదు. మా కాగితం భయపెట్టింది, ఆయన భయపడ్డారు. డబ్బాను గోడకు ఎనిమిది అడుగుల ఎత్తున, జాలీ లోపల బిగించాం. ఫిర్యాదులు ఆగిపోయాయి. మనం ఇచ్చిన వస్తువును జనం వింతగా వాడుతుంటే, వాళ్లతో ఏం సంతకం పెట్టించుకున్నామో ముందు చూసుకోండి.

అప్పటి మా డివిజనల్ ఇంజనీరు సారుకు ఈ సంగతి చెప్తే, "మనం లైను ఇచ్చినమా లేదా? ఇచ్చినం. వాడుకునుడు వాళ్ల పని," అన్నారు. నాకూ అది సగం నిజమే అనిపించింది. సిరిసిల్ల వెళ్లేదాకా అనిపిస్తూనే ఉంది.

అమావాస్య నాటి కొలత

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. నేను చెప్పే వాడలో నేత కార్మికుల సంఘ భవనం ఉంది. దానికి రెండు పక్కలా నాలుగు షెడ్లు, వాటిలో ముప్పై రెండు సాంచాలు. మగవాళ్లు సాంచాలు నడుపుతారు, ఆడవాళ్లు కండెలకు నూలు చుడతారు. అవి నడుస్తున్నంతసేపు మాట చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి, లేదంటే సైగ చేయాలి.

ఆ వాడలో చాలా ఇళ్లలో ఉన్నది ఒక్క ఫోను. అది తండ్రి జేబులో ఉంటుంది, ఆయన షెడ్డులో ఉంటాడు. పిల్లలు పాఠాలు వినేదెట్లా? అందుకే సంఘం వాళ్లు నాలుగు పాత కంప్యూటర్లు సంపాదించి, భవనంలో పెట్టి, కనెక్షన్ కోసం మాకు దరఖాస్తు ఇచ్చారు. ఫైబర్ కేబులు మెయిన్ రోడ్డు దాకానే ఉంది. అక్కడి నుంచి భవనం మూడు వందల నలభై మీటర్లు. కొత్త కేబులుకు అనుమతి వచ్చేదాకా ఆగకుండా, ఆ దూరం వరకు పాత రకం టెలిఫోన్ తీగ మీద ఇద్దామని నిర్ణయించాను. మా లైన్‌మన్ సత్తయ్య తీగ లాగాడు. మధ్యలో తీగలు కలిపే పెట్టె ఒకటి బిగించాల్సి వచ్చింది. స్తంభం మీదైతే వానకు తడుస్తుందని, ఒక షెడ్డు గోడకు, రేకుల చూరు కింద పెట్టమన్నాను. సత్తయ్య ఒకసారి గోడను, ఒకసారి నన్ను చూశాడు. "మీరు చెప్తే సరే," అని మేకు కొట్టాడు.

తీగ లాగడానికి, కొలవడానికి ఎప్పుడు రమ్మంటారని సంఘం అధ్యక్షుణ్ని ముందే అడిగి ఉన్నాను. "అమాస నాడు రాండ్రి మేడం. ఆ రోజు సాంచాలు బందుంటయి. అందరం ఖాళీగుంటం," అన్నాడు. అమావాస్య నాడు మగ్గం ముట్టకపోవడం చేతిమగ్గాల నాటి ఆనవాయితీ. ఆ వాడ దాన్ని ఇంకా వదల్లేదు.

జూలై 5, శుక్రవారం. పొద్దున తీగ పని ముగించి, పదకొండు నుంచి పదకొండున్నర దాకా కొలిచాను. ముప్పై నిమిషాల్లో లైను ఒక్కసారి కూడా తెగలేదు. సంతకం పెట్టాను.

ఆ రోజు కంప్యూటర్ ముందు మొదట కూర్చున్నది మౌనిక. ఇంటర్ పాసయింది, నర్సింగ్ చదవాలని ఉంది. ప్రవేశ పరీక్షకు ఆన్‌లైన్‌లో ఉచిత క్లాసులు రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఉంటాయి. అవి వినడానికి ఆ పిల్లకు ఈ లైను తప్ప వేరే దారి లేదు. వాళ్లమ్మ భూలక్ష్మి కండెల గంప చంకన పెట్టుకుని వచ్చి, నా ముందే తేల్చి చెప్పింది.

"సూడుండ్రి మేడం. సదువుతనంటున్నది, సదువని. గని వినాయక చవితి దాకనే. క్లాసులు సక్కగ నడిస్తె సరే. లేకుంటె బట్టలు కుట్టే షెడ్డుల చేర్పిస్త. ఆడ మాట్లాడిపెట్టిన."

"అమ్మా, మేడం ముందట గిట్లనా?"

"మేడం ముందటనే అంటున్న బిడ్డా. రేపు నువ్వు అనలేదనొద్దు."

చవితి ఆ ఏడు సెప్టెంబర్ 7న. అది కూడా రాసుకున్నాను.

మూడు సంతకాలు

జూలై 9న మౌనిక ఫోన్ చేసింది.

"మేడం, నెట్ పోతున్నది. సాంచాలు నడిస్తె పోతది, ఆగితె వస్తది."

నేను బడిపంతులమ్మలా చెప్పాను. "అట్ల ఉండదమ్మా. సాంచాలకొచ్చే కరెంటు తీగ వేరు, నీ ఇంటర్నెట్ తీగ వేరు. దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఏమో మేడం. పోతున్నదైతె నిజం."

ఫిర్యాదు పుస్తకంలో "లైను తెగుతోంది" అని రాశాను. సాంచాల మాట రాయలేదు. అనవసరం అనుకున్నాను. రెండు గంటల బస్సు దూరంలో కూర్చుని, అక్కడున్న పిల్ల కళ్లతో చూసి చెప్పిన మాటలో ఏది అవసరమో ఏది కాదో నేను నిర్ణయించాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ ఒక్క వాక్యంలో ఉంది.

జూలై 16న, వస్తున్నామని సంఘానికి ముందుగా ఫోన్ చేసి, సత్తయ్యతో కలిసి వెళ్లాను. ఇరవై నిమిషాలు కొలిచాను. లైను బంగారంలా ఉంది. "లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు డైరీలో ఇంకో ముక్క కూడా ఉంది: "వాడ ప్రశాంతంగా ఉంది." ఆర్డర్లు లేక పని మందంగా ఉందేమో అనుకున్నాను.

ఫోన్లు ఆగలేదు. జూలై 26న, మళ్లీ ఫోన్ చేసే వెళ్లాం. మళ్లీ బాగుంది. మౌనిక మూతి ముడుచుకుని గోడకు ఆనుకుని నిలబడింది. సాంచాల మాట నేను ఒకసారి కొట్టేశాక మళ్లీ ఎత్తలేదు.

"మీరొచ్చినప్పుడే మంచిగుంటది మేడం. మీరు బస్సెక్కంగనే పోతది. దయ్యం లెక్క."

సత్తయ్య నవ్వాడు. "మా మేడంను జూస్తె దయ్యం గూడ అటెన్షన్ల నిలవడ్తది బిడ్డా."

నేనూ నవ్వాను. నవ్వి, మూడో సంతకం పెట్టాను. కొలత నా వైపు ఉంది, తేదీ ఉంది, సమయం ఉంది. అంత పక్కాగా రాసుకున్న మనిషికి అనుమానం ఎందుకు వస్తుంది?

ఆగస్టు 12న డివిజనల్ ఇంజనీరు సారు పిలిచారు. ఆయన చేతిలో వాడకం జాబితా ఉంది. సిరిసిల్ల వాడ పేరు అన్నిటికంటే కింద ఉంది.

"రుద్రంగి బడోళ్లు డబ్బా కోసం నాలుగు నెలల సంది అడుగుతున్నరు మేడం. గీ వాడోళ్లేమో వాడుతలేరు. 31కి అక్కడిది పీకి రుద్రంగిల పెట్టండ్రి."

ఆయన అన్నది అన్యాయం కాదు. రుద్రంగి పిల్లలూ పిల్లలే. నేను కాదనడానికి నా దగ్గర ఏముంది? లైనుకు లోపం లేదని నేనే మూడుసార్లు రాశాను.

సాయంత్రం మౌనికకు ఫోన్ చేసి చెప్పాను. ఆ పిల్ల తన లెక్క చెప్పింది.

"పోయిన వారం ఆరు క్లాసులైతె ఒక్కటి పూర్తిగ విన్న మేడం. అది గూడ కరెంటు పోయి సాంచాలు ఆగినయ్ గనుక, డబ్బా బ్యాటరీ మీద నడిస్తె, ల్యాప్‌టాప్ ఒగలది తెచ్చుకుంటె. మా అమ్మ చవితి దాక గూడ ఆగేటట్టు లేదు."

"ఎవలో పెద్దోళ్లొచ్చినట్టున్నరు"

ఆగస్టు 20, మంగళవారం. రుద్రంగి బడిలో డబ్బా ఎక్కడ పెట్టాలో చూడడానికి కోరుట్ల నుంచి పొద్దున్నే వెళ్లాను. పని మధ్యాహ్నానికే అయిపోయింది. జగిత్యాల తిరిగిపోవాలి. కానీ వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు ముందు వచ్చింది, ఎక్కాను. పీకేసే ముందు ఒకసారి చూసి, ఆ పిల్లకు నా నోటితో నేను చెప్పాలనుకున్నాను. సంఘానికి ఫోన్ చేయలేదు, సత్తయ్యకూ చెప్పలేదు. సిరిసిల్లలో దిగి వాడ మలుపు తిరిగేసరికి నాలుగూ పది.

సాంచాల మోత మలుపు దగ్గరే గుండెల్లో తగిలింది. ముప్పై రెండూ నడుస్తున్నాయి. నేను వచ్చిన మూడుసార్లలో ఒక్కసారి కూడా ఆ చప్పుడు వినలేదన్న సంగతి, అదిగో, అప్పుడు తట్టింది.

భవనం మెట్లెక్కాను. మౌనిక నాకు వీపు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద టీచరు బొమ్మ నోరు తెరిచి ఆగిపోయి ఉంది. ఈలోపు షెడ్డు వాకిట్లో నిలబడ్డ నర్సయ్య, మౌనిక వాళ్ల నాన్న, నన్ను చూశాడు. దండం పెట్టాడు. లోపలికి తిరిగి చెయ్యి పైకెత్తాడు. ఆ షెడ్డులో సాంచాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. పక్క షెడ్డు వాళ్లు చూసి వాళ్లూ ఆపారు. అర నిమిషంలో వాడంతా నిశ్శబ్దం.

తెర మీద టీచరు కదిలింది. గొంతు వినిపించింది.

మౌనిక వెనక్కి తిరక్కుండానే, పక్కనున్న పిల్లతో అంది: "ఎవలో పెద్దోళ్లొచ్చినట్టున్నరు. నెట్ అచ్చింది."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

నర్సయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మేడం, చెప్పకుంట వచ్చిండ్రు. ఫోన్ చేస్తె ముందే బంద్ పెడుదుం గద."

"నేను వచ్చిన ప్రతిసారి ఆపుతున్నరా?"

"ఆపకుంటె ఎట్ల? మోతల మీ మాట మాకినవడది, మా మాట మీకినవడది. మనిషి ఇంటికొస్తె సాంచె ఆపుతం. మా దగ్గర గంతే."

"మరి నాకు ఒక్కసారన్న చెప్పలేదేం?"

"గది చెప్పుతరా మేడం?"

నిజమే. ఎవరూ చెప్పరు. కుర్చీ వేసినట్టు, మంచినీళ్లు ఇచ్చినట్టు, అది కూడా మర్యాదే. నేను కోరుట్లలో పుట్టి పెరిగిన మనిషిని. చిన్నప్పుడు చుట్టం వస్తే మా ఎదురింటి మగ్గం ఆగడం చూసినదాన్నే. ఇంజనీరుగా వచ్చాక అది మర్చిపోయాను.

"నడుపుండ్రి," అన్నాను. నర్సయ్య వెళ్లి చెయ్యి తిప్పాడు. మోత మొదలైంది, టీచరు బొమ్మ ఆగిపోయింది. "ఆపుండ్రి," అని సైగ చేశాను. టీచరు కదిలింది. మూడుసార్లు చేయించాను. మూడుసార్లూ అంతే. అప్పుడు తీగ వెంబడి నడిచి షెడ్డు గోడ దగ్గరికి వెళ్లాను. మళ్లీ నడపమని సైగ చేసి, చూరు కింద ఉన్న పెట్టె మీద అరచెయ్యి పెట్టాను. పెట్టె వణుకుతోంది. గోడే వణుకుతోంది. మూత తీస్తే లోపల తీగల ముడి ఒకటి వదులై, సాంచె దెబ్బ దెబ్బకూ విడిపోయి కలుస్తోంది. సాంచాలు ఆగితే చక్కగా ఆనుకుని కూర్చుంటోంది.

ఆ గోడ మీద పెట్టమన్నది నేనే.

జూలై 9 నుంచి ఆ రోజుకు నలభై రెండు రోజులు. మౌనిక మొదటి ఫోన్‌లోనే ఉన్నదున్నట్టు చెప్పింది.

నాలుగో కాగితం

అక్కడి నుంచే సారుకు ఫోన్ చేశాను. అంతా విని అన్నారు.

"మీరు రాసిందే గద మేడం, లోపం లేదని. ఒక్కసారి గాదు, మూడుసార్లు. గిప్పుడు ఉన్నదంటె నేను పైన ఏం చెప్పాలె?"

"మూడుసార్లు తప్పు రాసిన సార్. నాలుగోది రాసిస్త. మొదటి మూడు ఎందుకు తప్పో గూడ అండ్ల రాస్త."

"మీ సర్వీసు పుస్తకంల పడ్తది మేడం. రిటైరయ్యే ముందట ఎందుకు గిదంత?"

"పడనీయండ్రి."

"మరి రుద్రంగి?"

ఇంకో డబ్బా తెప్పించే పూచీ నాది అన్నాను. తెప్పించాను, కానీ అక్టోబర్ 14 దాకా పట్టింది. నా తప్పుకు రుద్రంగి పిల్లలు ఆరు వారాలు ఎక్కువ ఎదురుచూశారు. ఈ కథ బాగా ముగిసిందని ఎవరైనా అంటే ఆ తేదీ కూడా చెప్తుంటాను.

ఆగస్టు 22న సత్తయ్య పెట్టెను గోడ మీద నుంచి తీసి స్తంభానికి మార్చాడు. వానకు రేకు గొడుగు చేసి బిగించాడు. ముడులన్నీ కొత్తగా వేశాడు. నిచ్చెన దిగుతూ, "నాడే అనుకున్న మేడం, గోడ మంచిది గాదని," అన్నాడు.

"అనుకున్నోనివి చెప్పవైతివి?"

"మీరు చెప్పినంక నేనేం చెప్త?"

వాడ సాంచాలు ఆపింది. సత్తయ్య నోరు ఆపాడు. రెండూ నా మీది మర్యాదతోనే. మీకూ ఈ మర్యాదలు దొరుకుతాయి. కింద పనిచేసేవాళ్లతో పని మొదలుపెట్టేముందు, "ఇది తప్పయితే ఎక్కడ తప్పు?" అని అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడండి. సత్తయ్య లాంటి వాళ్లు వెంటనే చెప్పరు.

మర్నాడు, ఆగస్టు 23 శుక్రవారం, నాలుగు గంటలకు అసలు కొలత. ఒక్క సాంచె కూడా ఆపొద్దని నర్సయ్యకు ముందే చెప్పాను. ఆయనకు అది మనసొప్పలేదు.

"మీరు గీడ గూసుంటె మేం నడుపుడు మంచిగుంటదా మేడం?"

"ఆపితె నేను లేచి పోత."

ముప్పై రెండూ నడిచాయి. నేను మౌనిక పక్కన స్టూలు మీద కూర్చుని, గడియారం, మీటరు చూస్తూ పది నిమిషాలకొకసారి రాసుకున్నాను. మౌనిక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వాటి మీద చున్నీ బిగించి కట్టుకుంది. నాలుగున్నరకు భూలక్ష్మి వచ్చి గుమ్మంలో నిలబడింది, చేతిలో కండెల గంప. అయిదు దాకా కదల్లేదు. టీచరు బొమ్మ ఆగుతుందేమోనని ఆమె తెరనే చూస్తోంది. ఆగలేదు. గంప కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది.

ఆరింటికి క్లాసు అయిపోయింది. నూట ఇరవై నిమిషాలు, ఒక్కసారి కూడా తెగలేదు. మౌనిక చున్నీ విప్పుకుంది. తల్లి లేచి నా చెవి దగ్గరకు వచ్చి అరిచింది:

"కుట్టు షెడ్డోళ్లకు ఇప్పుడే రాదని చెప్త మేడం!"

"ఎప్పటి దాక?" అని నేనూ అరిచాను.

"పరీక్ష అయ్యేదాక. అటెన్క దాని ఇష్టం!"

ఒక కొత్త గడి

మా కొలత ఫారంలో తేదీ, సమయం, స్పీడు, ఎన్నిసార్లు తెగింది అని నాలుగు గడులుండేవి. నేను ఐదో గడి గీశాను: "కొలిచేటప్పుడు చుట్టూ ఏం నడుస్తోంది?" బడి అయితే పిల్లలు గదిలో ఉన్నారా, పంచాయతీ అయితే ఆఫీసు తెరిచే ఉందా, వాడ అయితే సాంచాలు నడుస్తున్నాయా. పై ఆఫీసు ఆ గడిని ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. నేను నింపుతూ పోయాను. మీ ఫారాల్లో ఇప్పుడు అది లేకపోతే పెన్నుతో గీసుకోండి.

ఖాళీ గదిలో, సెలవు రోజున, అందరూ మీకోసం పని ఆపుకున్న గంటలో కొలిచిన కొలత మీ సంతకానికి పనికొస్తుంది. పిల్లకు పనికిరాదు. చెప్పి వెళ్లండి, తప్పులేదు. కానీ ఒకసారైనా చెప్పకుండా వెళ్లండి.

మౌనిక పోగొట్టుకున్న నలభై రెండు రోజులు నేను తిరిగి ఇవ్వలేను. ఆ మాట ఆ పిల్లతోనే అన్నాను. "రాసిన నోట్సు తక్కువైంది మేడం, గంతే," అంది. పరీక్ష రాసింది. మొదటి రెండు విడతల్లో సీటు రాలేదు. చివరి విడతలో జగిత్యాల కాలేజీలో వచ్చిందని డిసెంబర్‌లో సత్తయ్య చెప్పాడు.

నేను ఆ వాడకు ఆఖరిసారి వెళ్లింది మార్చిలో, రిటైరవడానికి పదకొండు రోజుల ముందు. మలుపు తిరిగాను. నర్సయ్య షెడ్డు వాకిట్లో నుంచి నన్ను చూశాడు. చెయ్యి ఎత్తబోయి, గుర్తొచ్చి, దించి, దండం మాత్రం పెట్టాడు. ఒక్క సాంచె కూడా ఆగలేదు. భూలక్ష్మి కండెలు చుడుతూ ఏదో చెప్పింది. నాకు వినబడలేదు. ఆమెకు అర్థమై, జగిత్యాల వైపు చెయ్యి చూపించి, జబ్బ మీద సూది పొడుస్తున్నట్టు సైగ చేసి నవ్వింది. తర్వాత భవనం వైపు వేలు చూపించింది.

లోపల మౌనిక కుర్చీలో నేనెరగని పిల్ల ఒకతి, చెవుల మీద చున్నీ బిగించి కట్టుకుని కూర్చుంది. తెర మీద ఎవరో లెక్కలు చెప్తున్నారు. నేను వచ్చినట్టు ఆ పిల్లకు తెలియదు. పక్కన నిలబడి అరగంట కొలిచాను. ఐదో గడిలో రాశాను: సాంచాలు, ముప్పై రెండు, నడుస్తున్నాయి.